గుండె పటం: అడిగి తీసుకున్న అమానతు

చనిపోయిన మనిషి గుండె ఎవరిది? బతికున్నంత కాలం ఆయన 'నా గుండె' అన్నాడు. కన్ను మూశాక పిల్లలు 'మా నాన్నగారి గుండె' అంటారు. పరిశోధకుడు దాన్ని బల్ల మీద పెట్టుకుని 'మా నమూనా' అంటాడు. ఈ ముగ్గురిలో ఎవరి మాట నిజం?

ఈ ప్రశ్న ఎందుకు వచ్చిందో ముందు చూద్దాం. 2016లో 'హ్యూమన్ సెల్ అట్లాస్' అనే అంతర్జాతీయ ప్రయత్నం మొదలయింది. మానవ దేహంలోని కణాలన్నింటికీ పటం తయారు చేయడం దాని లక్ష్యం. అందులో భాగంగా 2020లో గుండె పటం వెలువడింది. ఏడుగురు స్త్రీలు, ఏడుగురు పురుషులు, మొత్తం 14 మంది దాతల గుండెలను పరిశీలించారు. వారు 40 నుండి 75 ఏళ్ళ మధ్య వయసువారు. అవి మార్పిడికి ఉపయోగపడకుండా మిగిలిపోయిన గుండెలు. ఒక్కో గుండెలో ఆరు చోట్ల నుండి ముక్కలు తీసి, మొత్తం సుమారు 4,87,000 కణాలను, కణకేంద్రకాలను విడివిడిగా చదివారు.

అదెలా సాధ్యం? గుండె కణంలోనూ, చర్మ కణంలోనూ ఉండే జన్యువులు ఒక్కటే. అవి సుమారు 20,000. కాని ఏ కణమూ అన్నింటినీ వాడుకోదు. తన పనికి కావలసినవే వాడుకుంటుంది. వాడుకునే జన్యువు నుండి ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది. శాస్త్రవేత్తలు ఒక్కో కణాన్ని ఒక్కో సన్నని ద్రవబిందువులో ఉంచి, దాని ఆర్‌ఎన్‌ఏకు దుకాణంలోని బార్‌కోడ్ లాంటి గుర్తు తగిలించి, యంత్రంతో చదివారు. ఒకే తరహా జన్యువులు వాడుకునే కణాలను ఒక గుంపుగా చేర్చారు. అలా 11 ప్రధాన రకాలు తేలాయి. గుండె అంటే కండరమే అనుకుంటాం. కాని కండర కణాలు కింది గదుల్లో సుమారు సగం, పై గదుల్లో సుమారు 30 శాతమే. మిగిలినవి రక్తనాళాల, రోగనిరోధక, నాడీ, కొవ్వు కణాల వంటివి. జబ్బు పడిన గుండెలో ఏది మారిందో తెలియాలంటే ఆరోగ్యవంతమైన గుండె పటం ఉండాలి కదా!

ఇక మన ప్రశ్నకు వద్దాం. 'చనిపోయినవారికి నొప్పి ఉండదు, లోకానికి మేలు జరిగితే చాలు, అడగడం దేనికి?' అంటారు కొందరు. 1951లో అమెరికాలో హెన్రియెటా లాక్స్ అనే పేద నల్లజాతి స్త్రీ క్యాన్సర్ చికిత్సకు వెళ్ళినప్పుడు ఆమెను అడగకుండానే కణాలు తీసుకున్నారు. ఆ కణాలు నేటికీ ప్రయోగశాలల్లో పెరుగుతూనే ఉన్నాయి. వాటివల్ల వైద్యానికి ఎంతో మేలు జరిగింది. కాని రెండు దశాబ్దాలకు పైగా ఆమె కుటుంబానికి ఆ సంగతే తెలియదు. మేలు జరిగింది కనుక అన్యాయం న్యాయమైపోతుందా? కాదు. దొంగసొమ్ముతో అన్నదానం చేసినా దొంగతనం దొంగతనమే.

మరికొందరు 'దేహం అల్లాహ్ ఇచ్చిన అమానతు, కనుక ముట్టనే కూడదు' అంటారు. మృతదేహాన్ని గౌరవించాలని దైవప్రవక్త (సఅసం) బోధించిన మాట నిజమే. అయితే అమానతు అంటే తాళం వేసి ఉంచడమొక్కటే కాదు, యజమాని మెచ్చే పనికి వినియోగించడం కూడా. 1988లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ, మృతుని లేక వారసుల అనుమతితో అవయవ మార్పిడి చేయవచ్చనీ, అవయవాలను అమ్మడం మాత్రం కూడదనీ తీర్మానించింది. మృతుని అవయవదానం విషయంలో ఉలమాలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. పరిశోధన సంగతి వేరుగా అడిగి తెలుసుకోవలసిందే.

కనుక మా ఆలోచన ఇది. గుండె ఆ ముగ్గురిలో ఎవరి సొత్తూ కాదు. ముగ్గురూ దానికి అమానతుదారులే. తీసుకునేవారు అడిగి తీసుకోవాలి, మోసగించకూడదు, మిగిలినదాన్ని గౌరవంగా సాగనంపాలి. ఇచ్చేవారు తెలిసి ఇవ్వాలి, వెల కట్టకూడదు.

ఇందులో మన బాధ్యత కూడా ఉంది. ఎవరి కణాలు చదివారో పటం వారికే బాగా సరిపోతుంది. అందుకే ఆసియావాసుల రక్తకణాల పటం కోసం భారత్, జపాన్, దక్షిణ కొరియా, సింగపూర్, థాయిలాండ్ దేశాల ప్రజల నుండి నమూనాలు తీసుకున్నారు. రేపు మనల్నీ అడగవచ్చు. బతికున్న మనిషి ఇచ్చే కొద్దిపాటి రక్తం వేరు, మరణానంతరం ఇచ్చే అవయవం వేరు. రెంటినీ ఒకే గాటన కట్టి భయపడి పారిపోవడం తగదు. కాగితం చదవకుండా సంతకం చేయడమూ తగదు. ఆసుపత్రి వరండాలో ఏడుస్తూ తేల్చుకునే విషయం కాదిది. ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి, నమ్మకమైన ఆలిమ్‌ను అడగాలి.

ఆ 14 మంది పేర్లు మనకు తెలియవు. అల్లాహ్‌కు తెలుసు. వారి గుండెల్లోని కణాలను యంత్రం లెక్కపెట్టింది. ఆ గుండెల్లోని సంకల్పాలను లెక్కించేవాడు ఆయన ఒక్కడే. ఇచ్చినా, ఇవ్వకపోయినా, మన సంకల్పాన్ని ఆయన నిర్మలంగా ఉంచుగాక! ఆమీన్.