పరీక్ష, నిఘా, అంతస్సాక్షి

పరులు చూస్తున్నారన్న భయంతో తప్పు చేయకుండా ఉండడం నిజాయితీ అవుతుందా అన్న ప్రశ్న ధర్మచింతనకు పాతదే అయినా, పరీక్షల వేళ విద్యార్థుల వాట్సాప్ సందేశాలూ సామాజిక మాధ్యమాల్లోని రాతలూ నిఘాకు లోనవుతున్న కాలంలో దానికి కొత్త ప్రాధాన్యం వచ్చింది. హైదరాబాదులోని నల్లకుంటకు ఈ ప్రశ్నతో రెండు విధాల సంబంధం ఉన్నది. అద్వైతాన్ని బోధించే శంకర మఠం అక్కడే ఉన్నది. చుక్కా రామయ్య ఐఐటీ శిక్షణాలయాన్ని నడిపినదీ, అందులో చేరడానికే విద్యార్థులు ఒక ప్రవేశ పరీక్ష గట్టెక్కవలసి వచ్చినదీ అక్కడే. అక్కడి నుంచి ఉస్మానియా ప్రాంగణం మీదుగా తార్నాక వరకూ పరీక్షలే జీవిక దారిని నిర్ణయించే యువజనం నివసిస్తున్నది.

అద్వైతంలో సాక్షి అంటే బుద్ధిలో కలిగే ప్రతి వృత్తినీ, అనగా ప్రతి ఆలోచననూ, తాను అందులో చిక్కుకోకుండా వెలిగించే చైతన్యం. ముండకోపనిషత్తులో ఒకే చెట్టుపై ఉన్న రెండు పక్షులలో ఒకటి పండు తింటుండగా రెండవది తినక చూస్తుంటుంది. శంకరులు వీటిని జీవుడిగా, ఈశ్వరుడిగా వ్యాఖ్యానించారు. పురాణాలలోని చిత్రగుప్తుడు ఇందుకు భిన్నంగా, యముడి తీర్పు కోసం ప్రాణుల పాపపుణ్యాల లెక్క రాస్తాడు. దైవమే సమస్తం చూస్తున్నప్పుడు అధికారి చూస్తే దోషమేమిటన్న వాదం ఈ రెండవ భావన నుంచే బలం పొందుతుంది.

అయితే చిత్రగుప్తుడి లెక్కలో కర్మతో పాటు దాని వెనుక ఉన్న సంకల్పమూ నిర్బంధమూ కూడా చేరతాయన్న నమ్మకం వల్లనే ఆ తీర్పు న్యాయమనిపించుకుంటుంది. మనిషి నిఘాకు ఆ సంపూర్ణత లేదు. 2023 ఏప్రిల్ 4న హనుమకొండ జిల్లా కమలాపూర్‌లో పదో తరగతి హిందీ ప్రశ్నపత్రం ఫోటో వాట్సాప్‌లో వ్యాపించినప్పుడు, అది ఎవరి పత్రమో గుర్తించి ఆ విద్యార్థిని డిబార్ చేశారు. కిటికీ దగ్గరికి వచ్చినవారు బెదిరించి ఫోటో తీసుకున్నారన్నది అతని వాదన. తక్కిన పరీక్షలు రాయడానికి హైకోర్టు అనుమతించింది. ఫోటోలో పత్రం కనిపించింది గాని బెదిరింపు కనిపించలేదు. అంతకు ముందురోజు తాండూరులో తెలుగు పత్రం బయటికి వచ్చిన ఉదంతంలోనైతే నిందితులు ఉపాధ్యాయులే, వారిలో పరీక్షా విధుల్లో ఉన్నవారూ ఉన్నారు.

అమెరికాలో 2015లో పియర్సన్ సంస్థ తాను నిర్వహిస్తున్న పార్క్ (PARCC) అనే పాఠశాల పరీక్షల గురించిన బహిరంగ పోస్టులను గమనిస్తూ, న్యూజెర్సీ విద్యార్థి ఒకరు బడి వేళలు ముగిశాక చేసిన ట్వీట్‌ను విద్యాశాఖ దృష్టికి తీసుకువెళ్ళడం తల్లిదండ్రులలో ఆందోళన కలిగించింది. బహిరంగంగా రాసినదాన్ని ఎవరైనా చదవవచ్చునన్నది నిజమే గాని, శిక్షించగల అధికారం ఉన్నవారు వెదకి చదివినప్పుడు ఆ చదవడం స్వభావమే మారిపోతుంది.

పరీక్షకు రక్షణ అక్కరలేదని దీని అర్థం కాదు. 2016లో తెలంగాణ ఎంసెట్-2 ప్రవేశ పరీక్ష పత్రం లీకై ఆ పరీక్ష రద్దయినప్పుడు, కష్టపడి చదివిన వేలమంది సెప్టెంబరులో మళ్ళీ పరీక్ష రాయవలసి వచ్చింది. కాబట్టి పత్రం అచ్చయ్యే చోటి నుంచి పరీక్షా కేంద్రం వరకూ దాన్ని తాకే ప్రతి చేతినీ గమనించడం ధర్మసమ్మతమే; బాలల సంభాషణను గమనించడం మాత్రం వేరు విషయం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మినహాయింపులకు చోటిస్తూనే, పద్దెనిమిదేళ్ళలోపు వారి ప్రవర్తనపై నిఘాను నిషేధించింది.

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ఆత్మే ఆత్మకు సాక్షి అనీ, దాన్ని అవమానించరాదనీ చెబుతున్నది. ఆ హెచ్చరిక న్యాయసభలో సాక్ష్యం చెప్పబోయే వారికి, అనగా పరుల గురించి తాము చూసినది పలకవలసిన వారికి, ఉద్దేశించినది. ఆ లెక్కన అంతస్సాక్షికి మొదట జవాబు చెప్పవలసినవాడు చూడబడే విద్యార్థి కాడు, చూసి నివేదించే అధికారి: తనకు కనిపించినది ఎంత, కనిపించనిది ఎంత అని తేల్చుకోకుండా ఒక బాలుని భవిష్యత్తుపై మాట్లాడడం అసంపూర్ణ సాక్ష్యమే అవుతుంది.