స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో దానప్రార్థన: నైతిక పరిశీలన

వ్యాస సంగ్రహం:
వెల లేకుండా లభించే కొన్ని సాఫ్ట్‌వేర్లు తమను వాడుకొనేవారిని ఏదైనా సేవాకార్యానికి విరాళం ఇవ్వమని కోరుతాయి. ఆ కోరికకు చట్టబద్ధమైన బలం లేదు. అటువంటి కోరికకు నైతికమైన బలం ఉందా, ఉంటే అది ఎక్కడినుంచి వస్తున్నదన్న ప్రశ్నను ‘విమ్’ అనే టెక్స్ట్ ఎడిటర్‌ను ఆధారం చేసుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఋణం, నిమిత్తం అనే భారతీయ భావనలు ఈ ప్రశ్నను విడదీయడానికి ఉపకరిస్తాయని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, దానం, ఋణం, నిమిత్తం, సుహృత్సమ్మితం.

1. ప్రవేశిక

డచ్ దేశీయుడైన బ్రామ్ మోలెనార్ 1991లో అమీగా కంప్యూటర్ల కోసం ‘విమ్’ను విడుదల చేశాడు. 1970వ దశకంలో బిల్ జాయ్ రాసిన ‘వి’ అనే ఎడిటర్‌కు ఇది అనుసరణగా మొదలై, తరువాత దాని మెరుగైన రూపంగా పేరు పొందింది. 1994లో మోలెనార్ దక్షిణ ఉగాండాలోని కిబాలే అనే చిన్న పట్టణంలో ఉన్న బాలల కేంద్రానికి స్వచ్ఛంద సేవకుడుగా వెళ్లి, నీటి సరఫరా, పారిశుద్ధ్యం పనులు చూశాడు. ఎయిడ్స్ వ్యాధి తల్లిదండ్రులను బలిగొనడంతో ఆ ప్రాంతంలో ఎందరో పిల్లలు అనాథలయ్యారు. తిరిగి వచ్చిన తరువాత వారికోసం నెదర్లాండ్స్‌లో ఒక సేవాసంస్థను నెలకొల్పి, తన సాఫ్ట్‌వేర్‌ను ‘చారిటీవేర్’గా ప్రకటించాడు. ఎంతగానైనా వాడుకోవచ్చు, ఎన్ని ప్రతులైనా తీసుకోవచ్చు. అయితే ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయవలసిందిగా కోరుతున్నామన్నది దాని సారాంశం. ఏ ఫైలూ లేకుండా విమ్‌ను తెరిచినప్పుడు తెరపై కనిపించే కొద్ది పంక్తులలో ఈ విన్నపం తరచు కనిపిస్తుంది.

ఇరవై ఏళ్లపాటు ప్రతిదినం ఈ సాధనంతో జీవనం గడిపి, ఒక్క రూపాయి కూడా ఇవ్వనివాడు తప్పు చేసినట్లా? అవునంటే, విమ్ ఉచితమన్న మాటకు అర్థం సందిగ్ధమవుతుంది. కాదంటే, ఆ విన్నపం తెరపై అలంకారంగా మిగిలిపోతుంది. ఈ రెండు సమాధానాలూ అసంపూర్ణాలని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిబంధన, ప్రార్థన

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి మూలపురుషుడైన రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛను వెలతో ముడిపెట్టలేదు. ఏ ప్రయోజనానికైనా నడుపుకొనే స్వేచ్ఛ, అధ్యయనం చేసి మార్చుకొనే స్వేచ్ఛ, ప్రతులు పంచే స్వేచ్ఛ, మార్చిన ప్రతులను పంచే స్వేచ్ఛ అనే నాలుగూ ఉండాలన్నది ఆ ఉద్యమ సిద్ధాంతం. విరాళం ఇచ్చినవారే వాడుకోవాలన్న నియమం ఉంటే మొదటి స్వేచ్ఛే పోతుంది. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ‘జేసన్’ లైసెన్సులో సాఫ్ట్‌వేర్‌ను మంచికే గాని చెడుకు వాడరాదన్న నియమం చేర్చాడు. నియమం సదుద్దేశంతో కూడినదే. అయినా ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆ లైసెన్సును స్వేచ్ఛా లైసెన్సుగా అంగీకరించలేదు. విమ్ లైసెన్సును మాత్రం అంగీకరించింది. మంచిని నిబంధనగా విధించడం ఒకటి, మంచిని కోరడం మరొకటి.

ఈ భేదం తెలుగు పాఠకునికి కొత్తది కాదు. దేవాలయంలో ప్రత్యేక దర్శనానికి టికెట్టు ఉంటుంది. హుండీ కూడా ఉంటుంది. టికెట్టు లేనివాణ్ణి ఆ వరుసలోకి రానివ్వరు. హుండీలో ఏమీ వేయనివాణ్ణి ఎవరూ ఆపరు. అయినా హుండీ ముందు నిలిచినవాని మనస్సులో ఒక ప్రశ్న కదులుతుంది. టికెట్టు కొన్నవానికి ఆ ప్రశ్న లేదు. వాని లెక్క అప్పటికే తీరిపోయింది.

ఉపదేశరీతులను ఆలంకారికులు ప్రభుసమ్మితం, సుహృత్సమ్మితం, కాంతాసమ్మితం అని మూడుగా విభజించారు. విద్యానాథుని ప్రతాపరుద్రీయం వరకు సాగిన ఈ విభాగం కావ్యప్రయోజనాన్ని నిరూపించడానికి ఏర్పడినదే అయినా ఇక్కడ ఉపకరిస్తుంది. లైసెన్సు ప్రభుసమ్మితం: అది ఆజ్ఞాపిస్తుంది, ఉల్లంఘనకు ఫలితాన్ని నిర్ణయిస్తుంది. తెరపై విన్నపం సుహృత్సమ్మితం: అది మిత్రునివలె హితం చెప్పి, నిర్ణయాన్ని వినేవానికే వదలిపెడుతుంది. మిత్రుని మాటకు దండన లేదు. అంతమాత్రాన దానికి బలం లేదనలేం. ఆ బలం ఎక్కడినుంచి వస్తుందన్నదే ఇక తేల్చవలసిన అంశం.

3. ఋణం ఎవరికి?

మొదట తోచే సమాధానం కృతజ్ఞత. ఉపకారం పొందినవాడు ప్రత్యుపకారం చేయాలి. ఫ్రెంచి సామాజిక శాస్త్రజ్ఞుడు మార్సెల్ మోస్ 1925 నాటి తన వ్యాసంలో ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడూ కట్టుబాట్లుగా ఉండే సమాజాలను వివరించాడు. ఆ దృష్టితో చూస్తే విమ్ వాడుకరి కర్తకు ఋణపడ్డాడు. కాని కర్త ఆ ఋణాన్ని తాను పుచ్చుకోక, తనకు బంధువులు కాని, వాడుకరికి పరిచయం లేని పిల్లల వైపు మళ్లించాడు.

ఈ మళ్లింపువల్ల ఇచ్చిపుచ్చుకోవడం వ్యాపారంగా మారే అవకాశం తగ్గుతుంది. ప్రత్యుపకారాన్ని ఆశించి ఇచ్చే దానం రాజసమనీ, తిరిగి ఉపకారం చేయలేనివానికి దేశకాలపాత్రాలు ఎరిగి ఇచ్చేది సాత్త్వికమనీ భగవద్గీత పదిహేడవ అధ్యాయం చెబుతుంది. కిబాలే బాలుడు విమ్ వాడుకరికి ఏ ఉపకారమూ చేయలేదు, చేయబోడు కూడా. కర్తకు నేరుగా చెల్లిస్తే అది వెల వంటిది అవుతుంది. ఆ బాలునికి ఇచ్చినది దానంగానే నిలుస్తుంది.

ఇటువంటి మళ్లింపుకు మన సంప్రదాయంలో పూర్వరూపం ఋషిఋణం. బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడని తైత్తిరీయ సంహిత చెబుతుంది. వాటిలో ఋషిఋణం తీరేది ఋషులకు ఏదో సమర్పించడంవల్ల కాదు, బ్రహ్మచర్యంతో చేసే అధ్యయనంవల్ల. ఋణదాత ఒకరు, ఆ చెల్లింపు ఫలాన్ని అందుకొనేవారు తరువాతి తరాలవారు. మోలెనార్ 2023 ఆగస్టు 3న మరణించాడు. కృతజ్ఞత ఆయన వ్యక్తికి మాత్రమే చెందినదైతే ఆ రోజుతోనే ఋణం కాలగర్భంలో కలవాలి. ఆయన మరణం తరువాత కూడా ఆ విన్నపం విమ్‌లో నిలిచే ఉంది. దాని అర్థమూ చెడలేదు.

అయితే ఋణభావన ఒక్కటే చాలదు. వేసవిలో చలివేంద్రం వద్ద నీళ్లు తాగిన బాటసారిని, దాహమున్న మరో ఊరికి బావి తవ్వడానికి తోచినది ఇమ్మని నిర్వాహకుడు కోరాడనుకుందాం. బాటసారి తాగినది ఉచితమైన నీరే. ఇచ్చేటప్పుడు ఏ షరతూ పెట్టనివాడు, తాగిన తరువాత ఋణాన్ని గుర్తుచేయడం న్యాయమా? కృతజ్ఞత తగిన గుణమే. కాని దానిని ఏ రూపంలో చూపాలో ఉపకర్త శాసించలేడు. కనుక కిబాలేకే ఇచ్చితీరాలన్న విధి ఋణంనుంచి పుట్టదు.

4. నిమిత్తం

పీటర్ సింగర్ 1972లో వెలువరించిన సుప్రసిద్ధ వ్యాసంలో, తనకు అంతటి నష్టం లేకుండా తొలగించగలిగిన ఘోర దుఃఖాన్ని తొలగించడం మనిషి విధి అనీ, దూరం ఆ విధిని తగ్గించదనీ వాదించాడు. ఈ వాదాన్ని అంగీకరిస్తే కిబాలే పిల్లల పట్ల విధి విమ్ వాడనివారికి కూడా ఉంటుంది. మరి సాఫ్ట్‌వేర్ అదనంగా చేర్చినదేమిటి?

అది చేర్చినది నిమిత్తం. ధర్మశాస్త్రం కర్మలను నిత్యం, నైమిత్తికం, కామ్యం అని విభజిస్తుంది. దానం ఎప్పుడూ ధర్మమే. గ్రహణం వంటి సందర్భం రాగానే అది ‘ఇప్పుడు’ చేయవలసినదిగా ముందు నిలుస్తుంది. కాంట్ పరిభాషలో పరోపకారం అసంపూర్ణ విధి: ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది కర్త వివేకానికి వదిలినది. ఈ వెసులుబాటు మనిషికి అవసరమే. అయితే ‘ఎప్పుడో, ఎవరికో’ అన్నది సులభంగా ‘ఎప్పుడూ లేదు, ఎవరికీ లేదు’గా మారుతుంది. నిమిత్తం చేసే పని ఆ జారుడును ఆపడం. తెరపై విన్నపం కొత్త విధిని పుట్టించదు; ఉన్న విధిని ఒక స్థలానికి, ఒక క్షణానికి కట్టివేస్తుంది.

పోలికకు పరిమితి ఉంది. నైమిత్తిక కర్మ మానితే ప్రత్యవాయం కలుగుతుందని మీమాంసకులు అంటారు. విమ్ వాడుకరికి అటువంటి దోషాన్ని అంటగట్టలేం. తన ఊరిలోని అనాథకు అన్నం పెట్టేవాడు, చదువుకు ఫీజు కట్టేవాడు కిబాలేకు ఇవ్వకపోయినా ఆ విన్నపానికి సమాధానం చెప్పినవాడే. సమాధానం చెప్పనివాడు వేరు: నిమిత్తం పదేపదే ఎదురైనా, ఇవ్వగలిగి ఉండి కూడా, ఎక్కడా ఏమీ ఇవ్వనివాడు. వాని లోపం లైసెన్సు ఉల్లంఘన కాదు, కర్త పట్ల కృతఘ్నత మాత్రమే కూడా కాదు. తనకు ముందునుంచే ఉన్న విధి తన ముందుకు వచ్చి నిలిచినప్పుడు చూపు తిప్పుకోవడం.

5. ఆక్షేపాలు

రెండు ఆక్షేపాలు పరిశీలించదగినవి. మొదటిది గౌరవానికి సంబంధించినది. ఒక దేశపు పిల్లలను ‘పేద’ అనే ఒక్క విశేషణంతో సంపన్న దేశాల తెరలపై నిలపడం వారిని దయాపాత్రులుగా మాత్రమే చూపదా? ఈ ఆక్షేపం కొంతవరకు నిలుస్తుంది. విమ్ సహాయపత్రం మాత్రం అక్కడితో ఆగదు. కిబాలే ప్రజలు ఎక్కువగా రైతులనీ, పేదలైనా వారికి తిండికి కొరత లేదనీ, వ్యాధివల్లనే ఈ దుఃస్థితి కలిగిందనీ వివరిస్తుంది. అక్కడ ఏడాదిపాటు పనిచేసినవాని మాట అది. పాత్రత ఎరిగి ఇవ్వమన్న సూత్రానికి ఆ వివరణ అవసరం. విన్నపాన్ని చూసి పత్రాన్ని తెరవనివానికి ఆ అవసరం తీరదు.

రెండవది అభ్యాసానికి సంబంధించినది. నిత్యం కనిపించేది కంటికి ఆనదు. గ్రహణం అరుదు గనుక నిమిత్తమైంది. రోజూ కనిపించే పంక్తి నిమిత్తంగా ఎంతకాలం నిలుస్తుంది? దీనికి విరుగుడుగా విన్నపాన్ని పెద్దది చేసి, పనిని అడ్డుకొనేలా నిలపవచ్చు. కాని అప్పుడు మిత్రుని మాట ప్రభువు మాటవైపు జరుగుతుంది. విసుగు వదిలించుకోవడానికి ఇచ్చినది దానం కాదు. వినబడకుండా పోయే ప్రమాదాన్ని అంగీకరించడం సుహృత్సమ్మిత వాక్యానికి తప్పని మూల్యం.

6. ముగింపు

ఉచితంగా పొందినవానికి ఇవ్వవలసిన బాధ్యత ఉందా అన్న ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ‘పొందినందుకు చెల్లించాలా?’ అన్న దానికి సమాధానం లేదు అనే. చెల్లించాలంటే స్వేచ్ఛ మిగలదు. ‘ఇవ్వగలిగినవాడు ఇవ్వాలా?’ అన్న దానికి సమాధానం అవును. అది సాఫ్ట్‌వేర్‌కు పూర్వమే ఉన్న విధి. దానప్రార్థన ఈ రెండింటినీ ఒకటి చేయకుండా పక్కపక్కన నిలుపుతుంది. అడిగినవానికి వాడుకరిని బలవంతపెట్టే అధికారం లేదు, అతడు తనకోసం అడగనూ లేదు. అందువల్ల ఇవ్వనివాడు తన నిర్ణయానికి కారణాన్ని అతనిలో వెదకలేడు, తనలోనే వెదకుకోవాలి.