ముంజకాయల బండి, మర్రిపండు

తిరుమలగిరికి దగ్గర్లో, ఇప్పుడు నాగారం మండలంలో ఉన్న ఫణిగిరి గుట్ట మీద 2024 మార్చి నెలాఖరులో తవ్వుతుంటే ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు. ఇక్ష్వాకుల కాలం నాటివి, ఒకవైపు ఏనుగు బొమ్మ. పత్రికలు ఆ లెక్కనే పెద్దక్షరాల్లో వేశాయి. వెయ్యాల్సిందే మరి. తవ్వకాల్లో దొరికిన చిన్నాచితకా వస్తువుల పేర్లు మాత్రం వార్త అడుగున ఉన్నాయి: రాతిపూసలు, గాజుపూసలు, శంఖపు గాజుల ముక్కలు, ఒక ఆటబండి చక్రం. నాకు నాణేల కంటే ఆ చక్రమే ఎక్కువ పని పెట్టింది. ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చిన బౌద్ధ భిక్షువుల గుట్ట మీద పిల్లల బండికేం పని?

బుద్ధుడికి మాత్రం పిల్లల ఆట పరాయిది కాదు. సంయుత్త నికాయంలో రాధుడనే భిక్షువుకు ఆయన మట్టిగూళ్లు కట్టుకునే పిల్లల సంగతి చెప్తాడు. ఆ గూడు మీద మోజున్నంతసేపు పిల్లలు దాన్ని ఎవర్నీ ముట్టనివ్వరు, నాదంటే నాదంటారు. మోజు తీరిందా, వాళ్లే కాళ్లతో తన్ని, చేతులతో చెదరగొట్టి లేచి వెళ్లిపోతారు. నువ్వూ ఈ దేహాన్నీ, వేదనలనూ, తలపులనూ అలాగే చెదరగొట్టమని రాధుడికి ఉపదేశం. దీన్ని వైరాగ్యబోధగానే చదువుతాం. నాకు తోచింది ఇంకొకటి ఉంది. కట్టడం, కూలగొట్టడం రెండూ పిల్లలకు సహజంగా వచ్చు. రెండు చోట్లా అడ్డం పడేది పెద్దవాళ్లం. కడుతున్నప్పుడు 'ఇట్లా కాదు, ఇటియ్యి' అంటాం. కూలగొడుతుంటే 'అంత కష్టపడి చేస్తే ఖరాబు చేస్తవా' అంటాం. వేసవి సెలవుల్లో పిల్లలతో కూర్చుని ఆకులతో, కాయలతో ఆటవస్తువులు చెయ్యడం వాళ్లకు కాలక్షేపం. పక్కన కూర్చున్న పెద్దవాళ్లకు మాత్రం అది గట్టి సాధన.

ముంజకాయల బండినే తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఈ చుట్టుపక్కల చేలగట్ల మీది తాళ్లకు గెలలు దిగుతాయి. గౌడన్న మోకు వేసుకుని ఎక్కి గెల కోసి దించుతాడు. కత్తితో కాయ తల చెక్కితే మూడు కళ్లు కనబడతాయి. బొటనవేలు దింపి ముంజను లేపాలి. మొదటి కాయకు నీళ్లు చొక్కా మీద చింది తీరతాయి, ఆ మరక ఏ సబ్బుకూ లొంగదు. ముదిరిన ముంజ పిల్లల గొంతుకు గట్టి, లేతది మీగడ. తినడం అయ్యాక మిగిలిన డొప్పల్లో ఒక్క తీరువి రెండు ఏరి, మధ్యకు ఒక కర్ర గుచ్చితే ఇరుసు. పంగలకర్ర ఒకటి తెచ్చి ఆ ఇరుసు మీద ఆనించి తోస్తే బండి. ఇందులో పెద్దవాళ్ల చెయ్యి నిజంగా కావలసింది కత్తి దగ్గర ఒక్కచోటే.

కర్ర గుచ్చేటప్పుడు ఆరేళ్ల పిల్లవాడు సరిగ్గా నడుమ గుచ్చడు. ఒక డొప్పకు కొంచెం పైన, ఇంకో డొప్పకు పక్కన గుచ్చుతాడు. అది కుంటుతుందని చూడగానే మనకు తెలుసు. చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. సాధన ఉన్నదంతా ఆ క్షణంలోనే. చెయ్యి పోనిస్తే బండి చక్కగా నడుస్తుంది, కాని అది మన బండి. ఆపుకుంటే బండి కుంటుకుంటూ ఎగిరెగిరి పడుతుంది, వాడు దాని వెనక నవ్వుకుంటూ పరుగెత్తుతాడు, బజారు చివరిదాకా పోయి వచ్చేలోపు ఇరుసు ఎక్కడుండాలో వాడి చేతికే తెలిసిపోతుంది. ఫలం మీద ఆశ వద్దని గీత గురించి గంటసేపు మాట్లాడగలిగినవాళ్లం, పిల్లవాడి చేతిలోని ముంజడొప్ప ఫలితం మీద ఆశ వదులుకోలేం!

సృష్టి ఎందుకన్న ప్రశ్న బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో వస్తుంది. ఏ లోటూ లేని ఈశ్వరుడికి ఇంత లోకం చెయ్యాల్సిన అవసరం ఏమొచ్చిందని ఆక్షేపణ. లోకంలో చూస్తున్నట్టే ఇదీ కేవలం లీల అని వ్యాసుడి సమాధానం. శంకరులు దానికి రెండు దృష్టాంతాలు తెచ్చారు: కోరికలన్నీ తీరిన రాజు ఆడుకోవడం, ఏ ప్రయోజనాన్నీ తలచకుండానే సాగే ఉచ్ఛ్వాస నిశ్వాసలు. బండి తోసే పిల్లవాణ్ని మూడో దృష్టాంతంగా చేర్చాలని నాకు ఆశ. వాడికి బండి కావాలన్న కోరిక ఉంది కదా అని ఆచార్యులు అడ్డు చెప్పవచ్చు. చెప్పనీయండి. ఆ కోరిక తీరిన తర్వాత కూడా వాడు తోస్తూనే ఉంటాడు, అది గమనించాలి. ఈ రోజుల్లో వేసవి శిబిరాల్లో ఇదే పనికి ఫీజు కట్టించుకుని, వేళ్ల పట్టు పెరుగుతుంది, ఏకాగ్రత వస్తుంది అని కరపత్రం అచ్చువేస్తున్నారు. పెరుగుతుంది, వస్తుంది, కాదనను. లీలకు ప్రయోజనం అంటగట్టిన రోజున అది పనై కూర్చుంటుంది.

చెయ్యి ఆపుకోవడం ఎట్లాగో చూపించిన మహానుభావుడు ఛాందోగ్యంలో ఉన్నాడు, ఉద్దాలకుడు. కొడుకు శ్వేతకేతువు పన్నెండో ఏట గురుకులానికి వెళ్లి, వేదాలన్నీ చదువుకుని ఇరవైనాలుగో ఏట నిక్కుతూ తిరిగొచ్చాడు. తండ్రి అతనితో వాదానికి దిగలేదు. మర్రిపండు ఒకటి తెమ్మన్నాడు. పగలగొట్టమన్నాడు. ఏం కనబడుతోందన్నాడు. సన్నని గింజలన్నాడు కొడుకు. అందులో ఒకటి పగలగొట్టమన్నాడు. ఇప్పుడేం కనబడుతోంది? ఏమీ లేదు. ఆ కనబడని దానిలోంచే ఇంత మర్రిచెట్టు లేచిందని అప్పుడు చెప్పాడు. చెప్పాల్సిన మాట ఆయన నాలుక మీద మొదటినుంచీ ఉంది. అయినా పండు తేవడం, పగలగొట్టడం, చూడడం, ఏమీ లేదని ఒప్పుకోవడం అన్నీ కొడుకు చేతే చేయించాడు. ఇరవైనాలుగేళ్ల పండితుడికి పెట్టింది పసిపిల్లల ఆట.

ఎండాకాలం మర్రిచెట్టు కింద ఎర్రటి పళ్లు రాలి పడుంటాయి. పిల్లల చేత ఒకటి విప్పించి చూడండి. గింజ కంటే ముందు కళ్లబడేది పురుగులు. చిన్న చిన్న రెక్కల పురుగులు బయటికి పాకుతాయి, పిల్లలు కెవ్వుమంటారు, తర్వాత ఇంకా దగ్గరికి వంగుతారు. మర్రికీ, రావికీ, మేడికీ దేనికి దానికి తన కందిరీగజాతి ఉంటుంది. పండులాగా కనబడేదాని లోపలే దాని పూలుంటాయి, ఆ పురుగు దూరితేగాని వాటికి పరాగం అందదు. వేమన మేడిపండు పొట్టలో పురుగులను పిరికివాడి బింకానికి గుర్తుగా పెట్టాడు. ఉద్దాలకుడు పురుగుల మాటే ఎత్తలేదు. నాకు మాత్రం పురుగుతో సహా చూపించడమే నయమనిపిస్తుంది. లేకపోతే మర్రి తనంతట తాను పెద్దదైందని పిల్లలు అనుకుంటారు.

ఉద్దాలకుడి రెండో పాఠం వంటింటిది. రాత్రి నీళ్లల్లో ఉప్పు వేయించి, తెల్లారి ఆ ఉప్పు తెమ్మన్నాడు. దొరకలేదు. ఈ పక్కన తాగి చూడు, నడుమ తాగి చూడు, ఆ పక్కన తాగి చూడు అన్నాడు. మన ఇళ్లల్లో మిట్టమధ్యాహ్నం నిమ్మకాయ నీళ్లు కలిపేటప్పుడు ఈ ఉపనిషత్తు మొత్తం జరుగుతుంది.

'నాయనమ్మా, ఉప్పు యాడికి వోయింది?'

'నాకేమెర్క బిడ్డా. తాగి నువ్వే జెప్పు.'

పిల్ల ఒక గుటక వేసి, మొహం ముడిచి, 'ఈడనే ఉన్నది' అంటుంది. గ్లాసులో వేలు పెట్టి తిప్పి చూపిస్తుంది. ఆ ముసలమ్మ ఛాందోగ్యం పేరు విని ఉండదు. తెలిసిన సమాధానాన్ని దాచుకోవడం మాత్రం ఆమెకు తెలుసు, మన చదువుల్లో ఎక్కడా నేర్పని విద్య అది. తర్వాత చక్కెరో బెల్లమో వేసి, ఇప్పుడేముందని మళ్లీ అడుగుతుంది. పిల్ల ఈసారి గ్లాసు వదలదు.

ఆకులతో, పూలతో పిల్లలు చేసుకునే అలంకారాలకు మన దగ్గర మహాగ్రంథమే ఉంది, భాగవతం. దాన్ని తెలుగు చేసిన పోతన ఊరు బమ్మెర, ఫణిగిరికి పక్క జిల్లా జనగామలోనే, పాలకుర్తి మండలం. దశమస్కంధంలో గొల్లపిల్లలు పొద్దున్నే చద్దులు కట్టుకుని దూడలతో అడవికి పోతారు. తల్లులు వాళ్లకు బంగారం, పూసలు పెట్టే పంపారు. అవి ఉండగానే వాళ్లు చిగుళ్లు, పూగుత్తులు, కాయలు, నెమలీకలు, రంగుమట్టి తెచ్చి మళ్లీ అలంకరించుకున్నారని మూలంలోనే ఉంది. ఎండెక్కేదాకా ఆడి, ఇసుకతిన్నె మీద కూర్చుని, ఆకుల్లో, పూరేకుల్లో, చెట్టుబెరడుల్లో, రాళ్ల మీద అన్నం పెట్టుకుని తింటారు. కృష్ణుడి ఎడమచేతిలో పెరుగన్నం ముద్ద ఉంది. సంస్కృతంలో ఆయన వేళ్ల సందుల్లో పండ్లున్నాయి, పోతన అక్కడ ఊరగాయలు పెట్టాడు. ఎండాకాలం ఊరగాయ జాడీలు నింపిన ఇంటివాడే అలా రాస్తాడనిపిస్తుంది.

సరిగ్గా ఆ తిండి దగ్గరికే బ్రహ్మ వచ్చాడు. లోకాలను చేసేవాడు పిల్లల ఆటను చూసి ఊరుకోలేక, పరీక్షిద్దామని దూడలనూ పిల్లలనూ దాచేశాడు. కృష్ణుడు అన్ని దూడలూ, అందరు పిల్లలూ, వాళ్ల కర్రలూ, కొమ్ముబూరలూ తానే అయి ఏడాది నడిపించాడు. చివరికి నాలుగు తలల కిరీటాలు ఆ పాదాల మీద పెట్టి బ్రహ్మ స్తుతి చేశాడు. ఆ స్తుతి మొదలుపెడుతూ ఆయన పట్టుకున్న రూపం శంఖచక్రాలది కాదు, చేతిలో అన్నం ముద్ద పట్టుకున్న పిల్లవాడిది. దీనికి పెద్దలు ఎన్నో అంతరార్థాలు చెప్పారు. దూడలు ఇంద్రియాలన్నారు, అడవి సంసారమన్నారు. నాకు కనబడేది చిన్నది. సృష్టి తన వృత్తి అనుకున్నవాడు, ఆడుకుంటున్నవాళ్ల మధ్యలో చెయ్యి పెట్టాడు. ముంజడొప్ప వైపు పోయే మన చెయ్యి కూడా ఆ వంశానిదే.

తిండి విషయంలోనూ ఇంతే. చింతపండులో ఉప్పు, కారం, జీలకర్ర, బెల్లం వేసి రోట్లో దంచి, చిన్న ముద్దలు చేసి చీపురుపుల్లకు గుచ్చితే పిల్లల మిఠాయి. రోకలి పిల్లల చేతికిస్తే రోలు చుట్టూ కూడా పడుతుంది. శ్రీరామనవమి నాడు పానకం కలిపేటప్పుడు మిరియాలు వాళ్లనే దంచనిస్తే ఘాటు ఎక్కువ తక్కువలవుతుంది. నానబెట్టిన పెసరపప్పులో మామిడి తురుము కలపడానికి మంట కూడా అక్కర్లేదు. దేవుడికి పెట్టకముందే వాళ్లు రుచి చూస్తారు. దీనికి కోపం తెచ్చుకునేవాళ్లు ఆ ఇసుకతిన్నె దగ్గర ఏం జరిగిందో ఒకసారి చూడాలి. అక్కడ ఒక్కొక్కడూ తన చద్ది రుచి పక్కవాడికి చూపించి నవ్విస్తూ తిన్నాడు, అది చూస్తూ యజ్ఞభోక్త మధ్యలో కూర్చున్నాడు. పిల్లలకు మాత్రం వాళ్ల ఆచారం వాళ్లకుంది: చింతపండు ముద్ద మీద చొక్కా కొస కప్పి, బట్ట మీంచి కొరికి ఇస్తే అది కాకెంగిలి, అంటే ఎంగిలి కానట్టే. శౌచాన్నీ స్నేహాన్నీ ఇంత చవకగా కలిపిన స్మృతికారుడు ఇంకొకడు లేడు.

సిద్ధార్థుడి బాల్యంలో ఒక ఏరువాక రోజుంది. తండ్రి పొలంలో నాగలి పట్టాడు. దాదులు ఆ సంబరం చూడబోయి, పిల్లవాణ్ని నేరేడుచెట్టు కింద ఒంటరిగా వదిలేశారు. అక్కడే వాడికి మొదటి ధ్యానం కుదిరిందని జాతకకథల ముందుమాట చెప్తుంది. ఆరేళ్లు దేహాన్ని మాడ్చుకుని ఏ దారీ తోచనప్పుడు తనకు గుర్తొచ్చింది ఆ నేరేడు నీడేనని మజ్ఝిమ నికాయంలో బుద్ధుడే చెప్పుకున్నాడు. ఆ తర్వాతే మళ్లీ అన్నం ముట్టాడు. దాదుల అజాగ్రత్త అని మనం కేసు పెట్టేవాళ్లం. కత్తి, బావి, ఈతపండు గింజ, వీటి మీద కన్నేసి ఉంచడం తప్పదు. అంతకు మించి ఎంతసేపు వదిలెయ్యగలమన్నదే కష్టం.

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు కహోలుడితో, పాండిత్యం ముగిశాక బాల్యంతో ఉండమంటాడు. బాల్యమంటే ఇష్టమొచ్చినట్టు తిరగడమా అని బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయం చర్చ పెట్టి, కాదు, తనను తాను ప్రదర్శించుకోకుండా ఉండడమని తేల్చింది. శంకరులు దానికి దంభం, దర్పం లేకపోవడమని వివరణ ఇచ్చారు. ఇది సన్యాసికి చెప్పిన మాట. అయినా తాటాకు రెండు ముక్కలు అడ్డంగా పెట్టి తుమ్మముల్లుతో జొన్నబెండుకు గుచ్చి, గాలిపంక తిరగగానే మనం ఏం చేస్తామో గుర్తుచేసుకుంటే మనకూ తగులుతుంది. జేబులోంచి ఫోన్ తీస్తాం. 'ఇటు చూడు, ఇంకోసారి ఉరుకు' అంటాం. అప్పటిదాకా గాలికి ఎదురుగా ఉరుకుతున్న పిల్లవాడు ఫోనున్న వైపుకు తిరుగుతాడు. గాలి అటునుంచి రావడం లేదు గనుక పంక ఆగిపోతుంది. వాడు దాన్ని వేలితో తిప్పి చూపిస్తాడు.