ఆకలి – నిగ్రహము

ఏకాదశినాడు ఉపవసించు వారందరికిని తెలిసిన అనుభవమొకటి కలదు. నిత్యము భుజించు వేళకు ఆకలి తీవ్రముగా లేచును. ఇక నిలువలేమనిపించును. ఏమియు తినకయే మరికొంతసేపు గడచినచో, ఆ ఆకలి తనంత తానే తగ్గిపోవును. ఇది నామస్మరణ ప్రభావమని పెద్దలందురు. ఆ మాట అసత్యము కాదు. కాని, దేహమున జరుగు కార్యమొకటి కూడ అందు కలదు. దానిని తెలిసికొన్నంతమాత్రమున భక్తికి లోపము రాదు. పైగా వినయము పెరుగును.

మెదడు అడుగున హైపోథాలమస్ అను చిన్న భాగమున్నది. ఆకలిదప్పుల పాలన దానిది. ఉదరము రిక్తమైనపుడు గ్రెలిన్ అను రసాయనము రక్తమున చేరి, ఆహారము కావలెనని మెదడునకు తెలుపును. దీనిని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కొజిమా, కంగావా తమ సహచరులతో కనుగొనిరి. అలవాటైన భోజనవేళకు ఇది పెరుగును; తినకున్నను కొంతసేపటికి తగ్గును. కొవ్వుకణములనుండి వెలువడు లెప్టిన్ అను మరియొకటి, దేహమున నిలువయున్న శక్తి ఎంతయో మెదడునకు నివేదించి ఆకలిని అణచును. దీనిని 1994లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము కనుగొన్నది.

ఇచట ధర్మసందేహము కలుగును. ఆకలి రసాయనముల ఆజ్ఞయే అయినచో, మితాహారికి పుణ్యమేల? అతిభోజనునకు దోషమేల?

మా బంధువర్గమున స్థూలకాయుడైన బాలుడొకడుండెను. పంక్తిలో వాడు మారు వడ్డన అడిగినపుడెల్ల నలుగురును నవ్వెడివారు. నేనును నవ్వితిని. జిహ్వను జయింపలేనివాడు హరినెట్లు సేవించునని నీతియు చెప్పితిని. పిమ్మట వాడు పంక్తిలో కూర్చుండుట మానెను.

చాల ఏండ్లకు ఇంగ్లండులోని ఒక బాలిక వృత్తాంతము చదివితిని. పుట్టుకతోనే ఆమె దేహమున లెప్టిన్ లేదు. ఎంత తినినను ఆకలి తీరదు. 9 ఏండ్లకే 90 కిలోలు దాటినది. వైద్యులు ఆ లెప్టిన్‌ను సూదిమందుగా ఇచ్చిరి. ఆకలి అణగెను, ఒక సంవత్సరమున సుమారు 16 కిలోలు తగ్గెను. ఈ సంగతి 1999లో ప్రకటితమైనది. ఆ పసిదానికి కొరవడినది నిగ్రహము కాదు, ఒక రసాయనము. మా బాలునకు అట్టి లోపమున్నదని నేననను; అది మిక్కిలి అరుదు. కాని, ఒకరి ఆకలిని నా ఆకలితో కొలుచుటకు నాకధికారము లేదని ఆనాడు తెలిసినది.

అట్లని నిగ్రహము వ్యర్థమా? కాదు. గీతలోని ఆరవ అధ్యాయము అతిగా తినువానికిని, ఏమియు తిననివానికిని యోగము లేదని చెప్పుచు, యుక్తమైన ఆహారమును విధించినది. యుక్తమనగా తగినంత. ఆ తగినంత అందరికి ఒకటి కాదు. పదునైదవ అధ్యాయమున భగవానుడు తానే వైశ్వానరుడై ప్రాణుల దేహములందున్నానని చెప్పెను. కావున ఆకలి శత్రువు కాదు. ఆకలి తీరిన పిదపయు రుచికై చేయి చాచుట వేరు. కడుపు నిండినదన్న వార్త మెదడునకు చేరుటకు కొంత వ్యవధి పట్టును. తొందరపడక, పరధ్యానము లేక, ప్రసాదబుద్ధితో భుజించువాడు ఆ వార్త చేరుటకు అవకాశమిచ్చుచున్నాడు. నిగ్రహమునకు చోటు అచటనే కలదు. పుట్టిన ఆకలికి మనము కర్తలము కాము. దానియెడల మెలగు తీరునకు, మనశక్తి మేరకు, మనమే బాధ్యులము.

నియమము తనకొరకు, దయ ఇతరులకొరకు. ఈ రెంటిని తారుమారు చేసినచో ఉపవాసము అహంకారమునకు ఆహారమగును.

ఆ బాలుడిప్పుడు గృహస్థు. మొన్నటి ద్వాదశి పారణకు వానిని పిలిచి, నా తప్పు ఒప్పుకొని, నా ప్రక్కనే కూర్చుండబెట్టుకొంటిని. వాడెన్నిమారులు వడ్డన అడిగెనో నేను లెక్కింపలేదు.