కొరత ఉన్నచోట ధర్మం

మందులు, యంత్రాలు అందరికీ చాలనప్పుడు ఆసుపత్రి ఎవరికి చికిత్స చేయాలి? ఎవరిని వెనక్కి పంపాలి? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఒక్కటే సమాధానం చెప్పలేదు. ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న. మన డర్బను నగరం నుండే ఇది ఒకసారి రాజ్యాంగ న్యాయస్థానం వరకు వెళ్లింది.

మూత్రపిండాలు చెడిపోయిన ఒక రోగి తన సొమ్ముతో కొంతకాలం ప్రైవేటు వైద్యం చేయించుకున్నారు. సొమ్ము అయిపోయిన తరువాత, ప్రభుత్వ ఆసుపత్రి అయిన అడింగ్టన్‌లో డయాలిసిస్ చేయించాలని 1997లో న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. అక్కడ ఉన్నవి 20 యంత్రాలు. ఒక్కొక్క చికిత్సకు 4 గంటలు పడుతుంది. 60 మంది కోసం ఏర్పాటైన ఆ విభాగం అప్పటికే 85 మందిని చూస్తున్నది. అందుచేత, దీర్ఘకాలిక రోగులలో మూత్రపిండ మార్పిడికి అర్హులైనవారికే యంత్రాలను కేటాయించాలని ఆసుపత్రి నియమం పెట్టుకుంది. గుండెజబ్బు కూడా ఉండడం వల్ల ఆయనకు ఆ అర్హత లేకపోయింది.

మన రాజ్యాంగంలోని 27వ అధికరణం ఆరోగ్యసేవలు పొందే హక్కును అందరికీ ఇస్తున్నది. అయితే ఆ హక్కు దేశానికి ఉన్న వనరులకు లోబడి ఉంటుందని, ఆసుపత్రి నియమం సహేతుకమైనదేనని న్యాయస్థానం ఆ నవంబరులో తీర్పు చెప్పింది. కొద్ది రోజులకే ఆయన మరణించారు.

ఆ తీర్పును తప్పు పట్టడం సులభం కాదు. ఆయనకు యంత్రం ఇస్తే, నయమయ్యే అవకాశం ఎక్కువగా ఉన్న మరొకరు దానిని కోల్పోతారు. అయితే ఒక విషయం గమనించండి. న్యాయమూర్తులు ఆయన మాట పూర్తిగా విన్నారు. ఆయన పట్ల, కుటుంబం పట్ల సానుభూతి తెలిపారు. ఎందుకు కాదంటున్నారో వివరంగా రాశారు. కోరినది దక్కకపోయినా, ఆయనను లెక్కలోకి తీసుకోవలసిన మనిషిగా చూశారు. చికిత్సకు కొరత రావచ్చు. కారణం చెప్పడానికి, గౌరవంగా వినడానికి కొరత రాకూడదు. ఆసుపత్రిని నడిపే పెద్దల ధర్మానికి గీటురాయి ఇదేనని నా నమ్మకం.

వినడం ఎంత విలువైనదో మన వలస చరిత్రే చెబుతుంది. 1860లో మద్రాసు నుండి వచ్చిన ట్రూరో ఓడతో నేటాలుకు మనవారి కూలి ఒప్పందపు వలస మొదలైంది. గడువు తీరి 1871లో స్వదేశానికి తిరిగి వెళ్లిన కూలీలు ఇక్కడ పడిన బాధలను అక్కడి అధికారులకు చెప్పుకున్నారు. ఆ ఫిర్యాదుల కారణంగా 1872లో ఇక్కడ విచారణ సంఘం ఏర్పడింది. భారతీయ వలసదారుల సంరక్షకుడు అనే పదవి కూడా ఏర్పడింది. బాధలన్నీ తొలగిపోలేదు. కాని కూలివాడు చెప్పిన మాట ఒకటి కాగితం మీదికి ఎక్కింది.

తరువాతి కాలంలో డర్బనులో డాక్టర్ బూత్ ఒక చిన్న ధర్మాసుపత్రిని నడిపారు. అప్పటికి న్యాయవాదిగా ఉన్న గాంధీగారు అక్కడికి సేవ చేయడానికి వెళ్లేవారు. రోగుల బాధలను అడిగి తెలుసుకోవడం, వాటిని వైద్యునికి నివేదించడం, మందులు ఇవ్వడం ఆయన పని. ఆ రోగులలో ఎక్కువమంది తమిళ, తెలుగు, ఉత్తరాది కూలీలని తన ఆత్మకథలో రాసుకున్నారు. రోగికీ వైద్యునికీ నడుమ మాట చేరవేసే మనిషి అవసరమని ఆ చిన్న ఆసుపత్రి గుర్తించింది.

మా సాయంకాల తెలుగు తరగతిలో ఒకనాడు "అడగందే అమ్మయినా పెట్టదు" అనే సామెతను చదువుకున్నాము. నర్సుగా పనిచేసే ఒక విద్యార్థిని, "అడగడానికి భాష రానివారి సంగతి ఏమిటి?" అని ప్రశ్నించింది. నేడు మన రాష్ట్రపు ఆసుపత్రులలో ఆ స్థితిలో ఉన్నది ఎక్కువగా మనము కాదు. జులూ భాష తప్ప మరొకటి రాని అవ్వలు, తాతలు. ఒకప్పుడు మన తాతముత్తాతలు నిలబడిన చోటనే నేడు వారు నిలబడి ఉన్నారు.

నా పొరుగింటి అవ్వకు తోడుగా నేను అప్పుడప్పుడు ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళుతుంటాను. తెల్లవారకముందే అక్కడ బల్లలు నిండిపోతాయి. వైద్యులు తక్కువని అందరికీ తెలుసు. అందుకు ఎవరూ కోపగించరు. మధ్యాహ్నం కిటికీ మూసి, కారణం చెప్పకుండా రేపు రమ్మన్నప్పుడే వారి ముఖాలు చిన్నబోతాయి.

అలసిపోయిన నర్సుకు ఓపికగా వినే తీరిక ఎక్కడిది అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఈ భారాన్ని ఆమె మంచితనం మీద మోపకూడదు. వరుసను నిర్ణయించే అధికారి రోజుకు ఒకసారి ఆ వరుస దగ్గరకు వచ్చి నిలబడాలి. ఎంత ఆలస్యమవుతుందో, ఎందుకవుతుందో రోగుల భాషలో చెప్పించాలి. వచ్చిన ఫిర్యాదుకు జవాబు వెళ్లేలా చూడాలి. వీటికి కొత్త యంత్రాలు అక్కరలేదు.

మనలో చాలామందికి మెడికల్ ఎయిడ్ ఉంది. ప్రభుత్వ ఆసుపత్రి మన సమస్య కాదని అనుకోవడం సహజం. కాని అడింగ్టన్‌కు వెళ్లిన ఆ రోగి కూడా మొదట సొంత సొమ్ముతో వైద్యం చేయించుకున్నవారే. 1969లో చాట్స్‌వర్త్‌లో ఆర్.కె. ఖాన్ ఆసుపత్రి తెరిచారు. అందులో మన సమాజపు విరాళాలు కూడా ఉన్నాయి. ఇచ్చినవారందరూ ధనవంతులు కారు.

2003 నాటి జాతీయ ఆరోగ్య చట్టం ప్రకారం ఆసుపత్రి బోర్డులలో ప్రజల ప్రతినిధులకు చోటు ఉంది. పదవీ విరమణ చేసిన పెద్దలు ఆ బాధ్యతకు ముందుకు రావాలి. వైద్యవిద్య చదువుతున్న మన పిల్లలు తెలుగుతో పాటు జులూను కూడా శ్రద్ధగా నేర్చుకోవాలి. "ఎక్కడ నొప్పి?" అని రోగి భాషలో అడగగలిగిన రోజున, మన ముత్తాతల బాధ విన్నవారి ఋణం కొంతైనా తీరుతుంది.