మూత్రపు సీసాలో అనుమాన ప్రమాణం

హైదరాబాద్‌లోని నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో రంగులు పిచికారీ చేసే షెడ్డులో షిఫ్టు ముగించుకున్న కార్మికుని మూత్రంలో హిప్పూరిక్ ఆమ్లాన్ని కొలిస్తే వచ్చే అంకె, తర్కశాస్త్ర పరిభాషలో ప్రత్యక్షం కాదు, అనుమానం. అనుమానమంటే ఇక్కడ శంక కాదు, కనిపించే గుర్తును బట్టి కనిపించని దానిని తెలుసుకునే ప్రమాణం. థిన్నర్‌లోని టోలుయీన్ ఆవిరి ఊపిరితో లోపలికి పోయి, కాలేయంలో మార్పు చెంది, ఆ ఆమ్లంగా వెలువడుతుంది కనుక, పొగను చూసి నిప్పును తెలుసుకున్నట్లే ఆమ్లాన్ని చూసి ఆవిరిని తెలుసుకుంటారు. దేహద్రవాలలో రసాయనపు జాడ వెదికే ఈ పద్ధతిని జైవిక పర్యవేక్షణ అంటారు.

అయితే దీన్నే తిరగేసి, నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందన్న వాదం నిలవదని, ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ లేదని, పొగ రావాలంటే తడికట్టె తోడుండాలని న్యాయదర్శన తార్కికులైన నైయాయికులు చూపారు. చాటున ఉండి వాదాన్ని చెడగొట్టే అలాంటి షరతునే, తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పినట్లు, ఉపాధి అంటారు. ఆమ్లం నుంచి ఆవిరిని అనుమానించడానికీ ఒక షరతు ఉంది: సోడియం బెంజోయేట్ కలిపిన కూల్‌డ్రింకో జామో ఆ రోజు కడుపులో పడి ఉండకూడదు, ఎందుకంటే అదీ అదే ఆమ్లంగా మారుతుంది. మే నెల ఎండలో బాగా నీళ్లు తాగినవాని మూత్రం పలచబడి అంకె తగ్గుతుంది. ఆ తేడాను కండరాల నుంచి వచ్చే క్రియాటినిన్‌తో సరిచేస్తారు గాని, బక్కచిక్కిన కూలీకీ కండపట్టిన కూలీకీ అది సమానంగా వెలువడదు కనుక తూకపురాయే మనిషిని బట్టి మారుతుంది. నమూనా తీసే వేళా ముఖ్యమే: టోలుయీన్ జాడ గంటల్లో చెరిగిపోతే, రక్తంలోని సీసం సగానికి తగ్గడానికి సుమారు నెల పడుతుంది, ఎముకలో చేరినది దశాబ్దాలు నిలిచి ఉంటుంది.

తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) వంటి సంస్థల సూక్ష్మ పరికరాలతో కొలిచినా ఈ చంచలత్వం పోదు, ఎందుకంటే అది ఉన్నది ప్రాణిలో. అసలు చిక్కు ధర్మమీమాంసలో మొదలవుతుంది. సమూహాలను చూసి కట్టిన పరిమితిని ఒక్క మనిషికి, ఒక్క సీసాకు అన్వయించి ‘సురక్షితం’ అని రాసినప్పుడు సందేహపు భారం ఎవరు మోయాలి? న్యాయస్థానంలో సందేహ లాభం ముద్దాయిది. ఇక్కడ ముద్దాయి రసాయనం, ఆ లాభమూ దానికే దక్కుతోంది. (అంకె పెరిగితే కూల్‌డ్రింకును తప్పుపట్టే నేర్పు, తగ్గితే తాగిన నీళ్లను మాత్రం గుర్తు చేసుకోదు.) పైగా అంకె పుట్టేసరికే విషం దేహంలో చేరి ఉంటుంది, అంటే కొలపాత్రగా వాడినది కార్మికుని కాలేయాన్నే. ఉపాధి ఉన్న హేతువును తార్కికులు ఒప్పుకోరు. అలాగే ఒక్క నమూనా నిర్దోషిత్వపు పత్రం కాజాలదు, పనిచోటి గాలిని కొలిచి, వేర్వేరు రోజుల్లో నమూనాలు తీసి తేల్చేదాకా సందేహ లాభం కార్మికునికే చెందాలి.