వెనక సీటు ఎవరిది?

వానలు తగ్గి దండారి దగ్గర పడుతున్న రోజుల్లో మేము నలుగురం డబ్బులు పోగేసి ఒక పాత బండి కొన్నాం. దోమలగూడలో ఒకే గదిలో ఉంటూ, పొద్దంతా చిక్కడపల్లి గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లం. దీపావళికి ఉట్నూరు వైపు మా ఊళ్లకు పోవాలి. దండారి అంటే ఒక గూడెం మరో గూడేనికి చుట్టమై పోయే పండుగ. ఊరూరూ తిరగాలంటే బండి ఉండాల్సిందే.

అది పాత స్ప్లెండర్. పొడుగు సీటు, వెనక పట్టుకునే కడ్డీ, చక్రం పక్కన చీర గార్డు. మాకది ముసలివాళ్ల బండిలా కనిపించింది. సీటు కోయించి ఒక్కరికి సరిపోయేలా చేయిద్దాం, చీర గార్డు, అద్దాలు తీసేద్దాం, సైలెన్సర్ మార్చి ఊరంతా వినపడేలా చేద్దాం అనుకున్నాం. మా డబ్బు, మా బండి, మా ఇష్టం. ఇందులో తప్పేముంది?

మెకానిక్ భాయ్ మా లెక్కంతా విని ఒక్కటే అడిగాడు: "తమ్మీ, వెనక ఎవరూ కూర్చోరా?"

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. రాత్రి గదిలో కూర్చుని, మా ఊళ్లలో బండి వెనక ఎవరెవరు కూర్చున్నారో లెక్కపెట్టుకున్నాం. ఆశ్రమ పాఠశాలకు పోయే చెల్లెలు. బియ్యానికి పోయే తాత. సంతకు పోయే అవ్వ. 108 అంబులెన్సు 2005లోనే వచ్చింది గానీ, అది మా వాగు దాటి రాలేదు. నొప్పులు పడుతున్న వదినను మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక ఒకరు పట్టుకుని, రోడ్డు దాకా తెచ్చింది బండే. బండి మీద ఇద్దరే ఉండాలని చట్టం చెబుతుంది. ఆ రోజు ముగ్గురు కూర్చున్నారు. అది తప్పని మా గూడెంలో ఎవరూ అనలేదు.

అంటే ముందు సీటు కొన్నవాడిదే కావచ్చు, వెనక సీటు మాత్రం ఊరిది. దాన్ని కోయడమంటే మన వస్తువును మార్చుకోవడం కాదు, అడగకుండా మరొకరి చోటు తీసేయడం.

చట్టం కూడా ఈ మాట తనదైన తీరులో చెప్పింది. వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే చోటు, బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం. పాత బండి కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పుకు తెలపాలని 1988 చట్టం. పేరు మారకముందు ప్రమాదం జరిగితే, కాగితం మీద ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మనం పేరు మార్చుకోకపోతే, మనకు బండి అమ్మిన మనిషి మన తప్పు మోయాల్సి వస్తుంది. కొనడం అంటే డబ్బు ఇవ్వడమే కాదు, ఆ బరువు మన తల మీదికి ఎత్తుకోవడం.

అయితే మన పిల్లలకు సోకు ఉండకూడదా? ఉండాలి. అలంకారం మనకు కొత్తేమీ కాదు. గుస్సాడీ నెత్తిన నెమలి పింఛాల టోపీ కంటే అందమైనది ఏముంది? కానీ ఆ టోపీని పూజ చేసి పెట్టుకుంటారు. పెట్టుకున్నవాడు దీక్షలో ఉంటాడు, అది విడిచేదాకా స్నానం కూడా చేయడు. మన పెద్దలు సోకును కాదనలేదు, దానికి ఒక బాధ్యత జత చేశారు. గుస్సాడీ గజ్జెల చప్పుడు ఊరికి పండుగ వచ్చిందని చెబుతుంది. అర్ధరాత్రి పగిలిన సైలెన్సర్ చప్పుడు ఎవరికి ఏం చెబుతుంది? నిద్రపోతున్న పసిబిడ్డను లేపుతుంది, అంతే.

చివరికి మేము చేయించింది ఇది: ముందుగా పేరు మార్పు. తర్వాత బ్రేకులు, టైర్లు, గొలుసు, వెనక లైటు. అద్దాలు, చీర గార్డు ఉన్నచోటే ఉన్నాయి. సీటుకు కొత్త రెగ్జిన్ వేయించాం. మిగిలిన డబ్బుతో ట్యాంకుకు ఎర్ర రంగు. ట్యాంకు మీద గుస్సాడీ బొమ్మ వేయిద్దామని మాలో ఒకరు అన్నారు. పూజించే రూపాన్ని మోకాళ్ల మధ్య పెట్టుకుంటామా అని ఇంకొకరు అడ్డుపడ్డారు. ఆ వాదన ఇంకా తెగలేదు. తెగకపోయినా మంచిదే, అడగడం నేర్చుకున్నాం.

ఉపాధ్యాయ మిత్రులారా, బండి కొనాలని కలగనే పిల్లలు మీ తరగతిలో తప్పకుండా ఉంటారు. వద్దని చెప్పకండి. భాయ్ మమ్మల్ని అడిగిన ప్రశ్నే వాళ్లనూ అడగండి.